మిద్దె మీది పలకరింపు

మొన్నొక ఉదయం మా మనవరాలు నా ఫోనుకు ఒక చెయ్యి బొమ్మ పంపింది. రోజూ పంపే పువ్వులూ నవ్వు మొహాలూ కాదు, పసుపుపచ్చని చిన్న అరచెయ్యి. చూపుడువేలూ నడివేలూ ఒక జత, ఉంగరపువేలూ చిటికెనవేలూ ఇంకొక జత, నడుమ చీల్చినట్టు ఒక సందు. దీనర్థం నీకు తెలుసా అవ్వా అని కింద రాసింది. తెలుసని మాత్రం జవాబిచ్చి ఫోను పక్కన పెట్టాను. మళ్ళీ చాట ముందుకు లాక్కుని చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం మొదలుపెట్టాను. కాలేజీలో చదివే ఆ పిల్లకు అదొక సరదా. దాని వెనుక మా బతుకులో ఏం జరిగిందో ఫోనులో రాయడం నాకు చేతకాదు. ఒక్క టీవీ చుట్టూ వీధి వీధంతా కూర్చున్న రోజులు చూసినవాళ్ళు మీరు, మీకైతే చెప్పుకోవచ్చు.

నేను పుట్టి పెరిగింది ఎమ్మిగనూరులో, మగ్గం చప్పుడు వినపడకపోతే ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని పక్కింటివాళ్ళు వచ్చి అడిగే వీధిలో. డెబ్బైల చివర పెళ్ళై ఆదోనికి వచ్చాను. మా ఆయన హాలహర్వి దిక్కున ఒక పల్లెలో బడిపంతులు. పొద్దున బస్సులో పోయి, సాయంత్రానికి తల నిండా ఎర్రదుమ్ముతో తిరిగి వచ్చేవారు. మేము అద్దెకున్నది ఒక ముస్లిం కుటుంబం ఇంటి వెనుక భాగంలో. ఇంటామెను ఖాలా అనేదాన్ని, అంటే పిన్నమ్మ. పిలుపుకే కాదు, నిజంగానే పిన్నమ్మ. నా మొదటి కాన్పుకు మా అమ్మ ఎమ్మిగనూరు నుంచి వచ్చేలోపలే పురిటి పనులన్నీ ఆమె చేసిపెట్టింది. ఆమె కొడుకు బజారులో రేడియోలు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. మా ఆయన ఈడువాడే. నేను భాయ్ అని పిలిచేదాన్ని.

ఎనభైల నడుమ మా వీధికి మొదటి టీవీ తెచ్చింది ఆ భాయే. గాలి కొట్టినప్పుడల్లా యాంటెనా తిరిగిపోయేది, మా ఆయన మిద్దె ఎక్కి దాన్ని తిప్పుతుంటే కింద నుంచి అందరూ వచ్చింది, పోయింది అని అరిచేవాళ్ళు. ఆదివారం పొద్దున ఒక ఇంగ్లీషు సీరియల్ వచ్చేది. చుక్కల మధ్య తిరిగే ఓడ, అందులో ఏవేవో గ్రహాల మనుషులు. నాకు ఒక్క మాటా అర్థమయ్యేది కాదు. మా ఆయనకు సగం, భాయ్‌కి పావు అర్థమయ్యేది, మిగతాది ఇద్దరూ కలిసి కల్పించుకునేవాళ్ళు. అందులో ఒక గ్రహంవాళ్ళు పలకరించుకోవడానికి ఇట్లా వేళ్ళు రెండు జతలుగా చీల్చి అరచెయ్యి చూపేవారు. చల్లగా నిండు నూరేళ్ళు ఉండమని దాని అర్థమని మా ఆయన చెప్పారు.

అంతే, ఇద్దరికీ అది పట్టుకుంది. పొద్దున బస్సు కిటికీలో నుంచి ఒకరు, అంగడి మెట్ల మీద నుంచి ఒకరు, మాట లేకుండా చెయ్యి ఎత్తేవాళ్ళు. సంతలో ఉల్లిగడ్డల గుట్టకు ఆ పక్క ఒకరు ఈ పక్క ఒకరు కనపడినా అదే. పండగనాడు గుండెకు గుండె హత్తుకున్నాక కూడా, ఒక అడుగు వెనక్కి వేసి ఆ చెయ్యి చూపితే గానీ వాళ్ళకు పండగ అయినట్టు కాదు. ఖాలా తలపట్టుకునేది.

"యా అల్లా, ఈళ్ళిద్దరి సేతి ఏళ్ళకూ ఏమైనాది బేటీ, వాతమా?"

నాకు ఎంత ప్రయత్నించినా ఆ చెయ్యి పట్టుబడలేదు. చిన్నప్పటి నుంచి మగ్గానికి నూలు కండెలు చుట్టిన వేళ్ళు నావి, తెగిన దారం ముడివేయడం తెలుసు గానీ జతలుగా విడిపోవడం వాటికి తెలియదు. నా అవస్థ చూసి ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఒక ఏడు మా ఆయనకు విషజ్వరం వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, లోపలికి ఎవరినీ రానివ్వకపోతే భాయ్ కిటికీ బయట ఎండలో నిలబడి ఆ చెయ్యి ఎత్తాడు. తల కూడా ఎత్తలేని ఈయన దుప్పట్లో నుంచి చెయ్యి బయటికి తీసి చూపారు. ఆ రోజు నుంచి నాకు అది పిచ్చి ఆటగా కనపడలేదు.

బడిపిల్లలకు సంగతి తెలిసిపోవడానికి ఎంతసేపు? అయ్యవారు బస్సు దిగేసరికి నమస్కారాలు పోయి, వరసగా చీలిన చిన్న చిన్న చేతులు లేచేవి.

ఆ పల్లె గురించి కొంచెం చెప్పాలి. మా దిక్కు చాలా ఊళ్ళలో ఉన్నట్టే అక్కడా రెండు వర్గాలు, పై వీధి, కింది వీధి. ఒక వీధివాళ్ళు ఇంకో వీధిలో మంచినీళ్ళు కూడా తాగరు. బడి కింది వీధి అంచున ఉండేది. పంచాయతీ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. ఆ రోజుల్లోనే పై వీధి పెద్దాయన టీవీ కొన్నాడు. ఆ ఊరికి అదే మొదటిది. దాన్ని బిగించడానికి ఆదోని నుంచి భాయ్ పోయాడు.

పెద్దాయన మిద్దె ఊరంతటికీ ఎత్తు. యాంటెనా నిలబెట్టిన భాయ్‌కి దూరాన బడి ముంగిట్లో మా ఆయన కనపడ్డారు. సంతోషం పట్టలేక అక్కడి నుంచే చెయ్యి ఎత్తాడు. ఈయనా ఎత్తారు. ఆయన వెనుక ఉన్న పిల్లలందరూ ఒక్కసారిగా ఎత్తారు. కింది వీధి పిల్లలు, పై వీధి మిద్దె వైపు తిరిగి, వేళ్ళు చీల్చి. కింది వీధి అరుగుల మీద కూర్చున్న పెద్దలు అది చూశారు.

మరుసటి మధ్యాహ్నం కింది వీధిలో ఒక జొన్నచొప్ప వామి అంటుకుంది. ఏడాది పొడుగూ పశువులు తినాల్సిన మేత బూడిదైపోయింది. ఎండకు అంటుకుందో, బీడీ నిప్పు పడిందో, ఎవరైనా అంటించారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. సాయంత్రానికి మాత్రం ఊళ్ళో ఒకటే మాట: మిద్దె మీది నుంచి సైగ చేసినాడు, అయ్యవారు సరే అన్నాడు, మన పిల్లోళ్ళకు కూడా నేర్పినాడు. రెండు వేళ్ళు ఇటు, రెండు వేళ్ళు అటు, అంటే ఊరిని చీల్చమనే కదా అని అర్థం చెప్పినవాళ్ళూ ఉన్నారట. కింది వీధివాళ్ళు పిల్లలను బడి మాన్పించారు. మా ఆయన ఇల్లిల్లూ తిరిగి చెప్పుకున్నారు. మొహాన ఎవరూ ఏమీ అనలేదు, మజ్జిగ ఇచ్చి పంపారు. అదే ఆయనకు ఎక్కువ భయం పుట్టించింది.

ఒకరోజు కింది వీధి పెద్దమనుషులు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. ఆయన ఇంట్లో లేరు. తెల్లమీసాల పెద్దాయనే మాట్లాడాడు, రెండో ఆయన తువ్వాలు నలుపుతూ నేల చూస్తున్నాడు.

"అయ్యవారిని అడిగితే ఏదో సెప్పినాడు తల్లీ. నువ్వు ఆడబిడ్డవి, నువ్వు సెప్పు. ఆ సెయ్యి ఏంది?"

నేను చెప్పాను. టీవీ అన్నాను, చుక్కల్లో తిరిగే ఓడ అన్నాను, వేరే లోకం మనుషులు చల్లగా ఉండమని చెప్పుకునే పలకరింపు అన్నాను. చెబుతుంటే నా మాటలు నాకే కట్టుకథలా వినపడ్డాయి. అబద్ధం చెప్పి ఉంటే ఇంతకంటే నమ్మేలా ఉండేది. ఆయన ఓపిగ్గా విని, నిట్టూర్చి అన్నాడు: "సుక్కల్లో ఓడ యాడిది తల్లీ."

నాకు ఇంకేమీ తోచక, ఆదివారం వచ్చి మీ కళ్ళతోనే చూడండి అన్నాను. వాళ్ళ ఊళ్ళోనే టీవీ ఉంది, కానీ ఆ మిద్దె మెట్లు వాళ్ళు ఎక్కే ప్రశ్నే లేదు.

ఆదివారం మొదటి బస్సుకే ఇద్దరూ వచ్చారు. ఖాలా చాప పరిచింది, అందరికీ చాయ్ ఇచ్చింది. ఎప్పుడూ పోయే కరెంటు ఆ రోజు పోలేదు. గాలి లేదు. బొమ్మ అద్దంలో చూసినట్టు వచ్చింది. మా ఆయనా భాయ్ గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఓడ వచ్చింది, మనుషులు వచ్చారు, కొట్లాడుకున్నారు, మాట్లాడుకున్నారు, చాలా మాట్లాడుకున్నారు. ఒక్కరంటే ఒక్కరు చెయ్యి ఎత్తలేదు. ఎత్తండయ్యా, ఒక్కసారి ఎత్తండి అని నేను లోపల మొక్కుకుంటూనే ఉన్నాను. సీరియల్ అయిపోయి, పేర్లు పడిపోయి, ఇంకేదో పాట మొదలైంది.

తెల్లమీసాల పెద్దాయన మోకాళ్ళ మీద చేతులు పెట్టి మెల్లగా లేచాడు. "యాడుంది అయ్యవారా?"

"ఈ పొద్దు రాలేదు. వచ్చే ఆదివారం..." అన్నారు మా ఆయన.

"కానీలేప్పా. సాయ బాగుండాది," అని ఖాలాకు దండం పెట్టి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ రాకపోకలు పై వీధి చెవిన పడ్డాయి. కింది వీధి పెద్దలు అయ్యవారింట్లో కూర్చుని చాయ్ తాగారంటే, ఈ రేడియో మనిషి మా మిద్దెక్కి మా ఇంటి ఆనుపానులు చూసి వాళ్ళకు చెప్పాడన్నమాట అనుకున్నారు. అప్పటిదాకా ఒక వీధికే అనుమానం, ఇప్పుడు రెండింటికీ. మేము ఏది చేసినా అది ఇంకొక సైగ అయిపోతోంది. చెప్పినా తప్పే, చెప్పకున్నా తప్పే. మా ఆయన రాత్రుళ్ళు అన్నం ముందు కూర్చుని కలిపింది కలిపినట్టే వదిలేసేవారు.

ఎన్నికలు ఇంకా కాకముందే, ఆ దిక్కున ఇంకేదో ఊళ్ళో పని చూసుకుని వస్తున్న భాయ్‌ను దారిలో ఎవరో ఆపారు. మొహాలకు గుడ్డలు కట్టుకున్నారట. ఏ వీధివాళ్ళో కూడా తెలియదు. ఏ చేత్తో చేసినావని మాత్రం అడిగారట. కుడిచెయ్యి విరగ్గొట్టి, అతని మోపెడ్ పక్కనే కూర్చోబెట్టి పోయారు. పట్టపగలు. దారిన పోయే ఒక ఎద్దులబండివాడు ఆదోనికి చేర్చాడు.

చెయ్యి అతికింది గానీ వేళ్ళకు పట్టు రాలేదు. సన్నటి తీగెలు అతికే పని అది, వణికే చేతికి కుదరదు. కొంతకాలం ఎడమచేత్తో ప్రయత్నించి, ఆ అంగడి మూసేసి, తన మామ పత్తి వ్యాపారంలోకి చేరాడు. మమ్మల్ని ఒక్కమాట అనలేదు. ఖాలా కూడా అనలేదు. ఒకసారి మాత్రం కొడుకుకు అన్నం ముద్దలు పెడుతూ, నన్ను చూసి, మళ్ళీ కంచం వైపు తిరిగి, "అచ్ఛా ఉండమని సెప్పుకునే సెయ్యి కదా బేటీ అది," అంది. 

మా ఆయనకు పత్తికొండ దిక్కుకు బదిలీ అయింది. సామాను బండికెత్తిన రోజు ఇద్దరూ అరుగు మీద పక్కపక్కన కూర్చుని టమాటాల ధర గురించీ, వానల గురించీ మాట్లాడుకున్నారు. బండి కదిలాక భాయ్ ఎడమచేత్తో వెనుక తలుపు సరిగ్గా పడిందో లేదో చూసి, తట్టి పంపించాడు. ఆ తరువాత మా ఆయన బతికి ఉన్నన్నాళ్ళూ ఏ బడిలోనూ పిల్లలకు ఆ చెయ్యి చూపలేదు.

చాలా ఏళ్ళకు, శ్రావణంలో ఉరుకుంద ఈరన్న తిరణాలకు పోతుంటే, కిక్కిరిసిన బస్సులో ఒక ముసలాయన లేచి నాకు సీటు ఇచ్చాడు. మీసాలు చూసి గుర్తుపట్టాను. ఆయన నన్ను ముందే గుర్తుపట్టాడు. అయ్యవారు బాగుండారా అని అడిగాడు. రేడియో అన్న బాగుండాడా అని కూడా అడిగి, జవాబు వినకముందే తల దించుకున్నాడు. ఇన్నాళ్ళూ లోపల దాచుకున్నది నా నోట ఆగలేదు. ఆ రోజు నేను చెప్పింది నిజమే పెద్దాయనా, మీరు నమ్మలేదు గానీ అన్నాను.

ఆయన బస్సు కడ్డీ పట్టుకుని నా వైపు వంగాడు.

"నమ్మినాను తల్లీ. చాప మీద కూసున్నప్పుడే నమ్మినాను. ఆ ఇద్దురూ టీవీ కాడ బిక్కమొగమేసుకుని నిలబడింటే సూడలేకపోతి. అట్లాంటోళ్ళు కొంప కాలుస్తారా? కానీ నమ్మినానని ఊర్లో యా నోటితో సెప్పేది? సెప్పింటే నేను అటుపక్క పోయినానందురు. నాకూ పిల్లోళ్ళుండిరి."

ఉరుకుంద వచ్చింది. జనం తోసుకుంటూ దిగారు. ఆయన ఆ గుంపులో ఎటు పోయాడో కనపడలేదు. కోపం తెచ్చుకుందామంటే ఎవరి మీద తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. మా ఆయనకు ఆ మాట చెప్పాను. ఊఁ అన్నారు, అంతే.

ఇప్పుడు ఆ పల్లెలో ప్రతి ఇంటికీ టీవీ ఉందట, ప్రతి చేతిలో ఫోను ఉందట. ఏదైనా అబద్ధమో నిజమో తేల్చుకోవాలంటే వేలితో ఒకసారి తాకితే చాలని మనవరాలు అంటుంది. నిజమే కావచ్చు. కానీ ఇప్పుడు ఒక మనిషి గురించి చెడ్డమాట విన్నవాళ్ళు దాన్ని ఇంకో పదిమందికి పంపి ఊరుకుంటున్నారే గానీ, మొదటి బస్సెక్కి ఆ మనిషి గడప దాకా వచ్చి, ఏందమ్మా ఇది, నువ్వు సెప్పు అని అడుగుతున్నవాళ్ళు నాకు కనపడటం లేదు. ఆనాడు అట్లా వచ్చి అడిగినవాళ్ళు మమ్మల్ని కాపాడలేకపోయారు, మేము భాయ్‌ను కాపాడుకోలేకపోయాము. అయినా అర్థంకాని భాషలో, అర్థంకాని లోకం కథను, ఒక పరాయి ఆడదాని మాట నిజమేమోనని, కాళ్ళు ముడుచుకుని మొదటి నుంచి చివరిదాకా చూసిన ఆ ఇద్దరు రైతులను తలచుకుంటే, అంత ఓపిక ఉన్న కాలం కూడా మాకు ఎందుకు అక్కరకు రాలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.