బిలియర్డ్స్ బల్ల మీద దీపం

మిరపకాయల గోదాములో బిలియర్డ్స్ బల్ల పెట్టిన మనిషి జనగామలో మా బాపు ఒక్కడే అనుకుంటాను. పిల్లికి బిచ్చం పెట్టడని బజారంతా పేరు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోతూ లైటు ఆర్పడం మరిచిపోతే, వెనక్కి పిలిచి మరీ మాతో ఆర్పించేవాడు. అలాంటి మనిషి, మానుకోట దగ్గర నెల్లికుదురు వైపు ఒక పాత దొరల గడీని ఖాళీ చేస్తున్నారని విని, లారీ మాట్లాడుకుని పోయాడు. ముక్కలుగా విప్పిన బల్లను, దాని కర్రలు, బంతులతో సహా తెచ్చి మా పెరట్లోని గోదాము ముందు దింపించాడు. దాని రాతి పలకలు మోయలేక మార్కెట్ హమాలీలకు నడుములు విరిగినంత పనైంది.

"గిది బల్లనా, బండనా శావుకారీ? దీని మీద ఆట ఆడుతరా, పిండి రుబ్బుతరా?" అన్నాడు ఒక హమాలీ.

"మెల్లగ దించుండ్రి. అంచు పోయిందంటే పనికిరాదు" అన్నాడు బాపు, నవ్వకుండా.

ఊరంతా నవ్వింది. నేను నవ్వలేదు, ఎందుకంటే నాకు కారణం తెలుసు. ఆ బల్ల మా కాక కోసం.

కాక అంటే బాపుకు ఒక్కగానొక్క తమ్ముడు. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఇద్దరిదీ ఒకే దుకాణం. బడులు మూతపడి నేను ఇంట్లోనే ఉండేదాన్ని. కాక విద్యార్థుల వెంట తిరిగేవాడు. బంద్ నాడు మా దుకాణం తెరుచుకోదని వాళ్లకు మాటిచ్చి వచ్చాడు. బాపు ఏం చేశాడు? పల్లె నుంచి బండి కట్టుకుని వచ్చిన పాత గిరాకీని వట్టి చేతులతో పంపలేక షట్టరు సగం లేపాడు. కాక ఉరికొచ్చి, "నీకు గల్లాపెట్టె ముందట, తమ్ముని మాట ఎనుకనా?" అని బజార్లోనే అరిచాడు. బాపు అందరి ముందూ చెంప మీద కొట్టాడు. పెళ్లయి సంసారం చేసుకుంటున్న తమ్ముణ్ని!

"ఇగ నీ గడప తొక్క" అన్నాడు కాక. అన్నట్టే చిన్నమ్మను తీసుకుని భూపాలపల్లి దిక్కు పోయి, రేగొండలో చిన్న కిరాణా పెట్టుకున్నాడు. సరుకు కోసం జనగామకు వచ్చినా స్టేషన్ దగ్గర హోటల్లో తిని తిరిగి బస్సెక్కేవాడు. దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టుకుని, కౌగిలించుకుని అలాయ్‌బలాయ్ తీసుకోవాల్సిన అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూడకుండా దాదాపు పదేళ్లు గడిపారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, బాపు ఆ తర్వాత ఏ బంద్‌కూ షట్టరు లేపలేదు. కానీ ఎవరి కోసం?

బల్ల సంగతి బాపు నాకు ఒక్కసారే చెప్పాడు, దాని కాళ్లు బిగిస్తుండగా. వయసులో ఉన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ ఆ గడీకి సరుకులు వేసేవారట. బాపు వంటింటి వైపు మూటలు దింపిస్తుంటే, లెక్కల్లో చురుకని కాకను ఆటగదిలో నిలబెట్టేవారట, స్కోరు చెప్పడానికి. దొరలు ఆడినంతసేపూ గోడకు ఆనకుండా నిలబడి పాయింట్లు చెప్పాలి. కర్ర ముట్టనిచ్చేవాళ్లు కాదు. తిరిగి వచ్చేటప్పుడు బండిలో కాక, "ఒక్కసారన్న కొట్టాలె అన్నా, ఒక్కసారి" అనేవాడట. అంతవరకు చెప్పి బాపు లేచిపోయి మంచినీళ్లు తాగాడు.

"బాపూ, గింత పరేషాన్ ఎందుకు? రేగొండ బస్సెక్కి పోయి, తప్పయింది తమ్మీ అంటే అయిపోతది గద?" అన్నాను.

"నోరు రాదు బిడ్డా."

"చెయ్యి అచ్చింది గని నోరు రాదా?"

అమ్మ వెనక నుంచి నన్ను గట్టిగా గిల్లింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. డిగ్రీ అయి ఉద్యోగం కోసం చూస్తూ ఇంట్లో ఉన్నదాన్ని, కాబట్టి ఆ గోదాము గదికి కావలసినవన్నీ తెచ్చే పని నా నెత్తిన పడింది.

మా ఇంట్లో ఎవరూ ఆ ఆట చూసినవాళ్లు కాదు. బాపు కూడా గడీలో వంటింటి దాకా పోయినవాడే. అందుకే దుకాణానికి చేసినట్టే గదికీ చేశాం. రెండు గోడలకూ రెండు ట్యూబులైట్లు. దుమ్ము పడకుండా బల్ల మీదికి గోనెసంచులు విప్పి కుట్టిన పట్టా. కర్ర కొసకు సుద్ద రాయాలని బాపు అంటే బడిలో వాడే సుద్దముక్కల డబ్బా తెచ్చాను. అమ్మ అయితే కొత్త గల్లాపెట్టెకు చేసినట్టు పసుపు తడిపి, ఆకుపచ్చ బట్ట మీద ఒక కొస దగ్గర నిండుగా బొట్టు పెట్టి, మధ్యలో కుంకుమ అద్దింది. కొబ్బరికాయ కూడా ఆ రాతికే కొట్టబోతే బాపు ఆపాడు.

మగవాళ్లు తెంచుకున్నా ఆడవాళ్లు తెంచుకోలేదు. "ఆళ్ల పౌరుషం ఆళ్లకాడనే ఉండనియ్యి అక్కా" అంటూ చిన్నమ్మ అప్పుడప్పుడూ వచ్చి అమ్మ దగ్గర ఒక పూట ఉండి పోయేది. ఆమె గది చూసింది, పోయింది. మళ్లీ వచ్చినప్పుడు కాక మాటలు మూటగట్టుకుని వచ్చింది.

"దవాఖాన పెట్టిండా, బిలియర్డ్స్ పెట్టిండా అని అడిగిండక్కా. గోడకు లైటు పెడితే మనిషి వంగినప్పుడు వాని నీడ వాని బంతి మీదనే పడుతదట. దీపం బల్ల నెత్తి మీద ఉండాల్నట. వెలుగు బల్ల మీద పడాలె గని కండ్లల్ల పడొద్దట. గోనె పీసు బట్టకు అంటుకుంటదట. ఇగ బడి సుద్ద సంగతి చెప్తే పొట్ట పట్టుకొని నవ్విండు. బొట్టు సంగతి చెప్తే మాత్రం నవ్వలేదు."

నాకు సిగ్గేసింది. బాపు మొహం చూస్తే పెళ్లివారి కబురు అందినట్టు వెలిగిపోతోంది. పదేళ్ల తర్వాత తమ్ముడు తనకు ఒక మాట పంపాడు మరి. అది తిట్టయితేనేం!

ఇక నా తిరుగుళ్లు మొదలయ్యాయి. బల్ల మీదికి లైటు అంటే ఎలా ఉంటుందో తెలియదు. వరంగల్లో అడిగితే పెళ్లి పందిళ్ల షాండ్లియర్లు చూపించారు. విసుగొచ్చి తిరుగు రైలు కోసం నిలబడ్డప్పుడు ప్లాట్‌ఫారం మీద వేలాడే రేకు షేడ్లు కనబడ్డాయి. పైన ఆకుపచ్చ, లోపల తెలుపు. వెలుగు సరిగ్గా కింద గుండ్రంగా పడుతోంది, చుట్టూ నిలబడ్డవాళ్ల కళ్లలో పడటం లేదు. నా దిక్కుమాలిన బుర్రకు ఇంతసేపటికి తట్టింది! అలాంటి షేడ్లు రైస్‌మిల్లులకు సామాన్లు అమ్మే దుకాణంలో దొరికాయి. పొడుగాటి ఇనుప కడ్డీకి మూడింటిని వరసగా బిగించి గొలుసులతో వేలాడదీశాం. బల్బులు కళ్లకు కొట్టకుండా అమ్మ తన పాత ఆకుపచ్చ చీర చించి షేడ్ల అంచులకు కుచ్చులు కుట్టింది. గోనె పట్టా తీసేసి ధోవతి గుడ్డ కప్పాం. నీలం సుద్ద సికింద్రాబాదులో ఆటసామాన్ల దుకాణంలో దొరికింది. స్కోరు పలకను వడ్లాయన చేత చెక్కతో చేయించాం. అంకెల మీద జరిపే ఇత్తడి ముల్లు కోసం బాపు తన తాతల నాటి త్రాసు ముల్లునే ఊడదీసి ఇచ్చాడు. అది చూసి అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది.

మా ఇంట్లో ఒక అలవాటుంది. దీపాలు పెట్టే వేళ ఏ స్విచ్చి వేసినా వెలుగుకు చేతులు జోడించాలి. మొదటిసారి ఆ మూడు దీపాలూ వెలిగించినప్పుడు కూడా దండం పెట్టుకున్నాం. పచ్చటి బట్ట మీద వెలుగు ఒక్క చారిక లేకుండా పరుచుకుంది. నిజం చెప్పొద్దూ, నాకు గర్వమనిపించింది.

చిన్నమ్మ వచ్చి చూసి, కాకకు చెప్పింది. మళ్లీ వచ్చినప్పుడు బాపు ఏదో పని ఉన్నట్టు వంటింటి గుమ్మం దగ్గరే తచ్చాడాడు.

"ఏమన్నడు?" అడిగింది అమ్మ.

"ఏమంటడక్కా, ఇప్పుడు సక్కగుంది అన్నడు. గంతే. ఉలుకు లేదు, పలుకు లేదు."

బాపు మొహం వాడిపోయింది. అంతా సరిగ్గా ఉంటే ఇక కాకకు చెప్పడానికి ఏముంటుంది? ఆ తర్వాత చాలా రోజులు ఆ గది తలుపు తెరవలేదు. నేను పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరైందని నాకూ ఏడుపొచ్చింది.

చిన్నమ్మ ఇంకోసారి వస్తుందని కబురు అందిన రోజు మధ్యాహ్నం, గోదాములో గొలుసుల చప్పుడైంది. పోయి చూస్తే బాపు స్టూలెక్కి, లైట్లను పైకి లాగి దూలానికి కట్టేస్తున్నాడు.

"ఏంది బాపూ! సక్కగున్నదాన్ని ఖరాబు చేస్తున్నవేంది?"

"నువ్వు ఊకో బిడ్డా."

"గంత మీద కడితే బల్బులన్నీ కండ్లల్ల కొడుతయి!"

"కొట్టనియ్యి" అని గొలుసుకు ఇంకో ముడి వేశాడు. అప్పుడర్థమైంది నాకు. స్టూలు కదలకుండా పట్టుకున్నాను.

చిన్నమ్మ చూసి నోరు తెరిచింది. "బావకు ఏమైంది? దీపాలు అటుక మీదికి ఎక్కించిండు!" అంటూ పోయింది. ఆ మాట రేగొండలో ఎలా పేలిందో నేను చూడలేదు కానీ, తర్వాత చిన్నమ్మ చెప్పింది. కాక తింటున్న కంచం ముందు నుంచి లేచి, "ఆయినెకు చెప్పుడు నాతోని కాదు, నేనే పోయి దించి వస్త" అన్నాడట.

అన్నంత పనీ చేశాడు. కాక వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. లోపలికి రాలేదు. గోదాము గడప మీద నిలబడి, గుమ్మం పట్టుకుని, మెడ చాచి పైకి చూశాడు. జుట్టు నెరిసింది, కానీ కోపం అదే.

"ఎవడు కట్టమన్నడు గంత మీద? నిలబడ్డ మనిషి నోటి కిందికి, గదువకాడికి ఉండాలె దీపం. దించుండ్రి. నేను పోత, బస్సున్నది."

బాపు బల్ల అవతల బొమ్మలా నిలబడ్డాడు. నోరు ఎప్పటిలాగే రాలేదు. ఆ మనిషి తిరిగి పోయాడంటే ఇంకో పదేళ్లు పోతాయి. అప్పుడు అమ్మ చేతిలో దీపం కుందితో వచ్చి, మరిది మొహం వైపైనా చూడకుండా అంది:

"దీపాలు పెట్టే యాల గడప మీద నిలబడొద్దయ్యా. లచ్చిమి వచ్చే తొవ్వ. లోపటికన్న రా, బయటికన్న పో."

కాక బయటికి చూశాడు. లోపలికి చూశాడు. పైన కళ్లలో కొడుతున్న ఆ మూడు బల్బుల వైపు చూశాడు. "థూ, గిట్లనా కట్టుడు" అనుకుంటూ గడప దాటి వచ్చి స్టూలెక్కాడు.

ముడులు విప్పి గొలుసులు దించుతుంటే బాపు కింద నిలబడి కడ్డీ పట్టుకున్నాడు. అమ్మ తులసి దగ్గర దీపం పెట్టి వచ్చింది. దించడం కోసం ఆర్పిన దీపాలకు నేను స్విచ్చి వేశాను. వెలుగు బల్ల మీద పరుచుకోగానే అన్నదమ్ములిద్దరి చేతులూ ఒకేసారి జోడించుకున్నాయి.

కాక వేలితో బట్టను తడిమి చూశాడు. అమ్మ పెట్టిన పసుపు మరక దగ్గర ఆగి, "ఎర్ర బంతి పెట్టేది ఈ దిక్కే. వదినె బొట్టు మీదనే పెడుదాం" అన్నాడు. బంతి పెట్టాడు. బాపు గోడ నుంచి కర్ర తీసి రెండు చేతులతో తమ్ముడికి ఇచ్చాడు. ఇచ్చి తను ఇంకో కర్ర తీసుకోలేదు. పోయి స్కోరు పలక పక్కన, గోడకు ఆనకుండా నిలబడ్డాడు.

కాక అది చూశాడు. చాలాసేపు కర్రకు సుద్ద రాస్తూ ఉండిపోయాడు. తర్వాత వంగి తెల్ల బంతితో కొట్టాడు. ఎర్ర బంతి దొర్లి బల్ల మూలనున్న సంచిలో పడింది.

"ఒకటి" అన్నాడు బాపు.

కాక బల్ల మీదికి వంగి ఉండే, తల ఎత్తకుండా అన్నాడు:

"ఒకటి కాదు. ఎర్రది పడితే మూడు, అన్నా."

బాపు త్రాసు ముల్లును మూడు మీదికి జరిపాడు.