తీగలు ఉడకబెట్టిన రోజు

ఈ ఉదయం గిటారు తీగలు విప్పి కొత్తవి వేశాను. సబ్బుతో రెండుసార్లు కడిగినా వేళ్ళకు ఇనుము వాసన పోలేదు. ఎండాకాలం బోరింగు కొట్టిన చేతికి వచ్చే వాసన అది. మల్లెపూలు కొందరికి ఎవరినో గుర్తుచేస్తాయట. నాకు ఈ వాసన సుగుణ టీచర్‌ను తెచ్చి ఎదురుగా కూర్చోబెడుతుంది. సిద్దిపేటలో మా గల్లీలోనే ఉండేవారు. ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేవారు, ఆదివారం చర్చిలో గిటారు వాయించేవారు. నోటి దురుసులో నన్ను మించిన మనిషిని ఆమెనొక్కరినే చూశాను. బహుశా అందుకే ఆమె దగ్గర నిలిచాను.

డిగ్రీలో చేరిన ఏడాది గిటారు నేర్పమని వెళ్తే, పాటకంటే ముందు పాత పంచె ముక్క చేతిలో పెట్టారు. వాయించిన ప్రతిసారీ ఒక్కొక్క తీగనూ పైనా కిందా తుడవాలట.

"టీచర్, నేను వాయించనీకి వచ్చిన. తుడుసుడు మా ఇంట్ల మస్తుగున్నది," అన్నాను.

"ఇంట్ల కడగని గిన్నెల తింటవా?"

"తినను."

"మరి కడగని తీగెల మీద పాట నేనెందుకు వినాలె?"

నేను ఎదురు వాదించకుండా ఒక మాట వినడమంటే మా ఇంట్లో పండుగ చేసుకోవలసిన సంగతి. తుడిచాను. గుడ్డ నల్లబడింది. "గదంత నీ చెమటనే. తుడువకుంటే తుప్పయితది," అన్నారు.

మా కాలేజీ బీరువాలో ఎవరో దానమిచ్చిన గిటారు ఒకటి ఉండేది. వార్షికోత్సవంలో దాని మీద వాయిస్తానని పేరిచ్చాను. కార్యక్రమాలు చూసే సారు బీరువా తెరిచి, "గిది సచ్చిపోయిందమ్మా. నువ్వు కోలాటంల చేరు," అన్నారు. చూడ్డానికి అలాగే ఉంది మరి. తుప్పు పట్టకూడదని ఏ మహానుభావుడో తీగలకూ, మెడ మీది పలకకూ కొబ్బరినూనె దట్టించాడు. అందులో ఏళ్ళ దుమ్ము పడి, పలక మీద అడ్డంగా ఉండే సన్నటి లోహపు మెట్ల పక్కన నల్లటి జిగురై పేరుకుపోయింది. కోలాటం మీద నాకు కోపం లేదు. కానీ మగపిల్లవాడు అడిగితే కోలాటంలో చేరమనేవారా?

"బాగుచేస్తే నా పేరు ఉంచుతరా సార్?"

"శనివారం రిహార్సల్ల పలికితే ఉంచుత. పలకకపోతే కొట్టేస్త."

గిటారు మా వాకిట్లోకి తెచ్చి టీచర్‌ను పిలిచాను. ఆమె కుర్చీ వేసుకుని చేతులు కట్టుకున్నారు. "నేను ముట్ట. రేపు సారు, పని టీచర్ చేసిందంటడు. చేతులు నీవే ఉండాలె."

మెల్లగా వదులు చేసి తీగలు విప్పాను. తడి పిండేసిన గుడ్డతో పలక తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడిచాను. మెట్ల వెంట పాత పళ్ళబ్రష్షుతో జిగురు గీకాను. కట్టెకు గీతలు పడకుండా కాగితపు టేపు అంటించి, మెత్తటి ఉక్కు పీచుతో మెట్లను మెరిసేదాకా రుద్దాను.

"ఇప్పుడు నూనె పెట్టాల్నా?"

"నీ తలకు పెట్టుకో. దీనికి రోగమచ్చిందే గా కొబ్బరినూనెతోని."

సన్నతీగలు రెండూ తుప్పుకు పోయాయి. వాటికి బదులు టీచర్ తన దగ్గరున్నవి ఇచ్చారు. లావు తీగలను మాత్రం నీళ్ళలో ఉడకబెట్టమన్నారు. పప్పుగిన్నెలో చుట్టలు చుట్టి మరగబెడుతుంటే అవ్వ తొంగిచూసింది.

"ఏందే గది, సేమ్యనా?"

"గిటారు తీగెలవ్వా."

"ఉప్పేసినవా మరి?"

టీచర్ కుర్చీలోంచి పడేంత నవ్వారు. గిన్నెలో నీళ్ళు మురికికాలువలా అయ్యాయి. తీగలు తీసి, చుక్క తడి లేకుండా తుడిచి, మా బాపు అంగీల పక్కన దండెం మీద ఎండలో ఆరేశాను.

శనివారం సారు పెన్సిలు పట్టుకుని సిద్ధంగా కూర్చున్నారు. తీగలు బిగించి శ్రుతి చేసిన గిటారును మీటాను. మోత హాలు చివరి గోడకు తగిలి తిరిగొచ్చింది. కోలాటం పిల్లల కర్రలు గాలిలోనే ఆగిపోయాయి.

"కొత్తది తెచ్చినవా?" అన్నారు సారు.

"సచ్చిపోయినదే సార్."

వార్షికోత్సవం రోజు నా పాటకు పడ్డ చప్పట్లను ఇప్పటికీ ఎవరితోనూ పంచుకోను, అవి నావే. అయితే అసలు గొడవ తర్వాత జరిగింది. సారు మైకులో "మన కాలేజీ గిటారు" అని పొగిడి, దాన్ని మళ్ళీ తాళంలో పెట్టడానికి నేరుగా బీరువా దగ్గరకు నడిచారు. టీచర్ ఏమైనా అంటారని ముందు వరసకేసి చూశాను. ఆమె మా వాకిట్లోలాగే చేతులు కట్టుకుని కూర్చున్నారు. వాదన కూడా నన్నే చేయమన్నట్టు.

"సార్, తాళం చెవి నాకియ్యిన్రి. తుడుస్తుంట, ఆడపిల్లలకు నేర్పుత."

"పాడైతే బాధ్యత ఎవలిది?"

"ఇన్నేండ్లు లోపల్నే ఉండి పాడైంది గద. గప్పుడు బాధ్యత ఎవలిది సార్?"

తాళం చెవి నా చేతికొచ్చింది. డిగ్రీ అయ్యేదాకా అక్కడి గిటారు ఏ సాయంత్రమూ ఖాళీగా లేదు. ఇంటికి నడుస్తూ మెచ్చుకోలు కోసం చెవులు రిక్కించాను. "వాదన మంచిగ చేసినవ్," అన్నారు టీచర్, "పాటల ఎఫ్ కార్డుకు వేళ్ళు మాత్రం ఇంక గలీజుగనే పట్టినవ్."

ఆమె ఇప్పుడు లేరు. ఆఫీసులోనైనా, చుట్టాలింట్లోనైనా, వస్తువునో మనిషినో ఎవరైనా పనికిరాదని తేల్చేస్తుంటే, ఆ మాట పూర్తికాకముందే అడ్డం పడతాను. నాకప్పగించండి, నేను చూస్తానంటాను. ఇవ్వకపోతే పోట్లాడతాను. తరచూ గెలుస్తాను. గెలిచిన ప్రతిసారీ ఆ చాకిరీ అంతా నా నెత్తినే పడుతుంది. పడనీ.