అలే అంటే ఆగేవాడు

ఫిబ్రవరి, రెండో శనివారం. మైపాడు. హాజరైనవారు: కోచ్ ఖాదర్ వలీ గారు, సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చినవారు, క్రీడాకారుడు శీనయ్య, మైపాడు వాడే, అతని అక్క రమణమ్మ, ఎండుచేపల వ్యాపారం, ఆమె వెంట వచ్చిన పడవల జనం, ముందు రెండు వరసల నిండా, రెఫరీ, ఒక ఫ్రెంచి మహిళ, టీమ్ మేనేజరుగా నేను. గుర్రాలు: లేవు.

గుర్రాల సంగతి నా డైరీలోకి ఎక్కడానికి కారణం ఉంది. మోడరన్ పెంటాథ్లాన్ అంటే ఒక్క మనిషి ఆడే ఐదు ఆటలు. కత్తియుద్ధం, ఈత, గుర్రపు స్వారీ, పరుగు, తుపాకి కాల్చడం. ఇటీవల గుర్రాన్ని తీసేసి, ఎక్కి దూకే అడ్డంకుల వరస పెట్టారు. పరుగు, కాల్చడం కలిపి ఆడిస్తారు; తుపాకిలోంచి గుండు రాదు, లేజరు కాంతి వస్తుంది. ఈ మార్పులేవీ మైపాడుకు చేరలేదు. గుర్రాలొస్తాయని ఊరంతా ఎదురుచూసింది. రాలేదని తెలిశాక, ఆ తప్పు నాదేనన్నట్టు రెండు రోజులు నన్ను చూసింది.

సముద్రతీర దేశాల నడుమ జరిగిన ఆ అంతర్జాతీయ క్రీడల్లో పురుషుల పెంటాథ్లాన్ మా జిల్లాకు రావడానికి ప్రకటనల్లో రాసిన కారణం సాగరతీర సౌందర్యం. అసలు కారణం, పెద్ద నగరంలో చోటు చాలకపోవడం. క్రీడాశాఖలో విరమణకు ముందు నాకు పడిన ఆఖరి డెప్యుటేషన్ అది. టీమ్ మేనేజరంటే హోదాలో కోచ్‌కు కింద, సామాన్లకు పైన. పరికరాల తనిఖీకి కత్తులు తీసుకుపోవడం, సమావేశాల్లో కూర్చోవడం, అవసరమైతే అభ్యంతరపత్రం రాయడం నా పనులు.

ఆతిథ్య దేశం కోటాలో శీనయ్యకు చోటు దొరికింది. ఫైనల్‌కు చేరితే జాతీయ శిబిరంలోకి తీసుకుంటామని పైవాళ్లు మాట ఇచ్చారు. చేరకపోతే సోమవారం నుంచి బావ పడవ ఎక్కాలి. బావ అప్పటికే అతని వాటా వల పక్కన పెట్టేశాడు.

ఆ శనివారం జరిగింది కత్తియుద్ధం. తీరం దగ్గర రేకుల షెడ్డులో సన్నటి పట్టీల్లాంటి వేదికలు పరిచారు. వాటిని పిస్టులంటారు. ప్రతి ఒక్కరూ మిగిలిన అందరితో ఒక్కొక్కసారి తలపడాలి. ముందు ఎవరి కత్తి మొన తగిలితే వారిదే గెలుపు. గడువులోగా ఎవరిదీ తగలకపోతే ఇద్దరూ ఓడినట్టే. ఇక్కడ వచ్చిన పాయింట్లు మర్నాటి సెమీఫైనల్‌లో కలుస్తాయి. సెమీఫైనల్‌లో మొదటి తొమ్మిది మందికే ఫైనల్.

రెఫరీ ఆజ్ఞలు మూడు. ఆంగార్డ్ అంటే సిద్ధంగా నిలబడు. ప్రే అంటే సిద్ధమేనా. అలే అంటే మొదలుపెట్టు. శీనయ్య మొదటి రెంటికీ చక్కగా నిలబడ్డాడు. మూడోదానికి కూడా నిలబడే ఉన్నాడు. ఎదుటివాడు కదిలాడు, పొడిచాడు, మొన తగిలిందని చెప్పే దీపం అతని వైపు వెలిగింది. రెండో పోటీలోనూ అంతే. అలే అనగానే మోకాళ్లు వంచి, పాదాలు నేలకు అదిమి, ఏదో బరువు పట్టుకున్నవాడిలా బిగుసుకుపోతున్నాడు. ఖాదర్ గారు పిస్టు చివర నుంచి కదలరా కదలరా అని అంటూనే ఉన్నారు.

ఇంకో విచిత్రం ప్రేక్షకుల్లో కనిపించింది. రెఫరీ అలే అన్నప్పుడల్లా ముందు రెండు వరసల జనం కుర్చీల చేతులు గట్టిగా పట్టుకుంటున్నారు.

విరామంలో రమణమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"ఏంది సార్, ఆ దొరసాని అలే అలే అంటా ఉంది. యాడుంది అల? సముద్రం బయటుంది గదా."

అప్పుడు అర్థమైంది. తీరం నుంచి పడవను కడలిలోకి తోసేటప్పుడు ఒకడు ముందు నిలబడి నీళ్లను కనిపెడుతూ ఉంటాడు. పెద్ద అల వస్తుంటే అలే అని కేక వేస్తాడు. తోసేవాళ్లంతా తోయడం ఆపి, పడవను పట్టుకొని ఉన్నచోట నిలబడిపోవాలి. అల దాటాక తొయ్ అంటాడు. ముందే తోస్తే పడవ అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. శీనయ్య నడక వచ్చినప్పటి నుంచి ఆ కేక విన్నవాడు. మన దేశంలో అతను ఆడిన పోటీల్లో రెఫరీలు ఇంగ్లిషులో ఫెన్స్ అనేవారు కాబట్టి ఈ చిక్కు ఎన్నడూ రాలేదు.

శీనయ్యను అడిగితే తల వంచుకొని చెప్పాడు: "ఆ మాట వింటే కాళ్లు వాటంతట అవే దిగబడిపోతాండాయి సార్."

నిబంధనల ప్రకారం అభ్యంతరపత్రం రాశాను. రెఫరీ ఆజ్ఞ మా క్రీడాకారుడి మాతృభాషలో ఆగమనే అర్థం ఇస్తున్నందున ఇంగ్లిషు వాడవలసిందిగా కోరాను. పోటీ డైరెక్టరు చదివి, ఆ పదానికి అర్థమేమిటని అడిగాడు. అల అన్నాను. ఎంత పెద్దదని అడిగాడు. నేను ఆలోచించేలోపే తిరస్కరించినట్టు సంతకం పెట్టాడు.

తిరిగి వచ్చేసరికి, అల సంగతి విన్న ఖాదర్ గారు శీనయ్య ముందు చతికిలబడి కూర్చుని ఉన్నారు. కదలమని చెప్పడం మానేశారు.

"చూడు అబ్బయ్యా, నిన్ను ఇంక తిట్టను. ఆగు. ఎదురుగా ఉండేవాడే అల. వాణ్ని వచ్చి విరగనీ. విరిగినాక తొయ్."

విరామం తర్వాత ఆట తీరు మారింది. అలే అనగానే శీనయ్య ఆగాడు. ఎదుటివాడు దూకాడు. శీనయ్య అర అడుగు వెనక్కి వంగి, ఆ దూకుడు అయిపోయిన క్షణంలో చెయ్యి చాచాడు. దీపం మనవైపు వెలిగింది. ముందు వరసలు తమకు తెలియకుండానే తొయ్ అని అరిచాయి. రెఫరీ వాళ్ల వైపు ఒకసారి గట్టిగా చూసింది. తమ కుర్చీలు వెనక్కి జరిపిస్తారేమోనని జనం సర్దుకున్నారు.

ఇలా గెలుస్తూ వచ్చాడు. కానీ మిగిలినవాళ్లూ కళ్లున్నవాళ్లే. ఆఖరి పోటీకి వచ్చిన పొడుగాటి యువకుడు కిటుకు కనిపెట్టేశాడు. అలే అన్నారు, అతనూ కదల్లేదు. ఇద్దరూ కత్తులు చాచి బొమ్మల్లా నిలబడ్డారు. గడువు కరిగిపోతోంది. అతనికి ఇద్దరూ ఓడినా నష్టం లేదు, పాయింట్లు దండిగా ఉన్నాయి. ఇది పోతే మర్నాడు ఎంత ఈదినా, ఎంత పరిగెత్తినా తొమ్మిది మందిలో చేరడం కష్టమని ఖాదర్ గారి లెక్క.

ముందు వరసలోంచి రమణమ్మ, పక్కవాళ్లతో చెబుతున్నట్టుగా, కాస్త పెద్దగానే అంది: "ఈ పొద్దు సముద్రం చాప పరిచినట్టుంది. ఇంక ఎదురుచూసేదేంది?"

శీనయ్య దూకాడు. అతను ముందుగా కదులుతాడని ఎదుటివాడు కలలో కూడా అనుకోలేదు. మొన వెళ్లి మణికట్టుకు తగిలింది.

ఎదుటి జట్టు మేనేజరు నా దగ్గరకు వచ్చి, ప్రేక్షకుల నుంచి సలహా అందిందా, ఆమె ఏమన్నదని అడిగాడు. ఆమె సముద్రం ఎలా ఉందో చెప్పిందని ఉన్నదున్నట్టు చెప్పాను. అతను బయటికి వెళ్లి చూసి వచ్చాడు. సముద్రం నిజంగానే ప్రశాంతంగా ఉంది. అభ్యంతరం పెట్టలేదు.

మర్నాడు ఉదయం, సెమీఫైనల్‌కు ముందు, రెఫరీ నడకకని తీరానికి వచ్చింది. రాత్రికి రాత్రే గాలి తిరిగి అలలు లేచాయి. శీనయ్య బావ పడవను నీళ్లలోకి దింపుతున్నారు. ఆమె నవ్వుతూ వచ్చి తనూ ఒక చెయ్యి వేసింది. ముందున్న బావ అలే అన్నాడు. అందరూ ఆగారు. ఆమె ఒక్కతే, శక్తికొద్దీ, ముందుకు తోసింది. పడవను జనం పట్టుకున్నారు గనుక అది నిలిచింది. అల ఆమెను నిలువెల్లా తడిపింది.

రమణమ్మ తువ్వాలు అందిస్తూ అంది: "నిన్న మావాడు, ఈ పొద్దు మీరు. చెల్లుకు చెల్లు."

అనువదించడం కూడా మేనేజరు విధే కాబట్టి అనువదించాను. ఆమె చాలాసేపు నవ్వింది.

సెమీఫైనల్‌లో అన్నీ బజరు మోతతో మొదలయ్యాయి, మాటల గొడవ లేదు. శీనయ్యది తొమ్మిదో స్థానం, అంటే ఫైనల్‌కు ఆఖరి చోటు. అతని వాటా వలను బావ వేరే మనిషికి ఇచ్చాడు.

ఆ డెప్యుటేషన్‌లో నేను నేర్చుకున్నది ఒకటే. ఒక మనిషికి ఆజ్ఞ నేర్పేముందు, ఆ మాట అతని ఇంట్లో అప్పటికే ఏ పని చేస్తోందో కనుక్కోవాలి. మాన్పించడం కన్నా వాడుకోవడం సులువు.