ఎర్ర చుక్క పెట్టిన బోర్డు

మేట్టుపాళయం ఫ్యాక్టరీలో గుళ్లకీ పెళ్లిళ్లకీ వెళ్లే ఎల్‌ఈడీ దీపాల బోర్డులకు మూడేళ్లు సోల్డరింగ్ చేశాను. స్వామి ముందు వెలిగే దీపానికి నా చెయ్యి తగులుతుందని సంతోషంగా ఉండేది. పొగ మాత్రం పడలేదు, దగ్గు పట్టుకుంది. పొగకు దూరంగా ఉండకపోతే పని మానెయ్యాల్సిందేనని డాక్టరమ్మ చెప్పేశారు. పొగ లేనిది టెస్టింగ్ టేబుల్ ఒక్కటే. దానికి పదో తరగతి సర్టిఫికెట్ కావాలి. నేను బడి మొహం చూడలేదు. తాతయ్య ఇంట్లో నేర్పిన అక్షరాలే నా చదువు.

యానాం నుంచి కొత్తగా వచ్చిన ఇంజనీరు మేడం దారి చూపించారు. "సర్టిఫికెట్ సంగతి నేను మాట్లాడతానండి. ఎల్‌ఈడీ తిప్పి పెడితే ఎందుకు వెలగదో శుక్రవారం చెప్పండి, చాలు."

బొమ్మ గీసి ఆవిడే నేర్పారు. లోపల ఆవగింజంత చిప్, దానికి రెండు పక్కలు. ఒక పక్క ఎలక్ట్రాన్లు ఎక్కువ, రెండో పక్క వాటికోసం ఖాళీలు ఎక్కువ. విన్నంతసేపూ తల ఊపాను. ఇంటికి వెళ్లాక ఒక్క ముక్క మిగల్లేదు.

గురువారం మా మూలకుళం గుడిలో అన్నదానానికి వడ్డిస్తుంటే అర్థమైంది. తలుపు తియ్యగానే గుమ్మం దగ్గరివాళ్లు వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. అంతే, రాక ఆగిపోయింది. కూర్చున్నవాళ్లు చోటు లేదంటారు, బయట మిగిలినవాళ్లు తమవాళ్లను కొంగు పట్టి వెనక్కి లాగుతారు. గుమ్మం దగ్గర ఎవరూ కదలరు. వెనక జనం గట్టిగా తోశాకే దాటుకుని వచ్చి, ఖాళీ విస్తరాకుల ముందు కూలబడి "అమ్మయ్య" అన్నారు.

శుక్రవారం అదే చెప్పాను: జనం ఎలక్ట్రాన్లు, ఖాళీ ఆకులు ఆ ఖాళీలు, వెనక నుంచి తోసేది బ్యాటరీ. మేడం చప్పట్లు కొట్టారు. "ఆ అమ్మయ్యే వెలుగండి! మరి తిప్పి పెడితే?"

"జనాన్ని ఎనక్కి ఈడ్చినట్టు మేడం. ఖాళీ ఆకులూ అవతలికి జరిగిపోతాయి. నడుమ ఎవురూ లేని చోటు ఇంకా పెద్దదవుతాది. ఇంకెవురు దాటేది?"

వరస కాకపోయినా నన్ను వదినా అని పిలిచే పక్క టేబులామె ఊరుకుంటుందా? "ఏంది వదినా, కరెంటుకి సాంబారు గూడా పోసినావా?"

మేడం నవ్వుతూ, పక్కన పడేసిన బోర్డుల్లోంచి ఒకటి తీసిచ్చారు. ఒక్క దీపమూ వెలగడం లేదు; ఒకదాని వెనక ఒకటి కలిపినవి గనక ఒక్కటి తిరగబడినా అన్నీ ఆరిపోతాయి. పొడుగూ పొట్టీ కాళ్లు సమంగా కత్తిరించేశాక ఏది తిరగబడిందో కంటికి తెలియదు. మీటరు ముళ్లు ఒక్కొక్కదానికీ ఆనించాను. నాలుగు మిణుకుమన్నాయి. అయిదోది ఉలకలేదు. ముళ్లు అటుదిటూ ఇటుదటూ మార్చగానే వెలిగింది. దొరికింది! గుర్తు పెడదామని బోర్డు వెనక్కి తిప్పాను. అంచున ఎర్ర చుక్క.

ఏ బోర్డు ఎవరు చేశారో తెలియడానికి మాలో ఒక్కొక్కరికీ ఒక్కో రంగు. బొట్టులా ఉంటుందని ఎరుపు నేనే అడిగి తీసుకున్నాను. బొటనవేలు పెడితే చాలు, చుక్క కనబడదు. పెట్టాను కూడా. స్వామిని తలుచుకుని వేలు తీశాను.

"ఇది నేను తిప్పి పెట్టిందే మేడం."

ఆవిడ బోర్డు చూశారు, నన్ను చూశారు. "దాచనివాళ్లే అండి ఆ టేబుల్‌కి కావాలి. సోమవారం నుంచి అక్కడ కూర్చోండి."

సోమవారం టేబుల్‌ని తాకి కళ్లకద్దుకుని కూర్చున్నానో లేదో, వదినా అనే ఆమె వెలగని బోర్డుల బుట్ట ఒకటి తెచ్చి పెట్టింది. "ఇదో, నీ ఎర్ర చుక్కలోళ్లందర్నీ పంక్తికి తెచ్చినా. కూర్చోబెట్టు!"

వాటిలో నేను తిప్పి పెట్టినవి ఇంకో రెండు దొరికాయి.