తమ్ముడి పేరున వచ్చిన వెర్షన్

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. లేదంటే లేదంతే. చిన్నప్పుడు మా ఊళ్ళో ఒకావిడకి పూనకం వస్తే పక్కన నిలబడి కిసుక్కున నవ్వినందుకు అమ్మ చేత వీపు చిట్లగొట్టించుకున్నదాన్ని. ఇప్పటికీ ఎవరికైనా గాలి సోకిందంటే ముందు జ్వరం చూడండర్రా అంటాను. అలాంటిదాన్ని ఇది రాయాల్సి వచ్చినందుకు నాకే ఒళ్ళు మండుతోంది.

నేను మంగళగిరిలో ఉంటాను. పాటలకి సంగీతం కడతాను. సినిమాలకి కాదులెండి, యూట్యూబులో పెట్టే జానపదాలకి, పెళ్ళిళ్ళలో మోగే డీజే పాటలకి. మేడ మీద ఒక గది, ఒక కంప్యూటరు, వీధిలో మగ్గాల చప్పుడు మైకులో పడకుండా గోడలకి పాత దుప్పట్లు, అదే నా స్టూడియో. నాకు జత మా తమ్ముడు వాసు. వాడు చీరాల అవతల మా ఊళ్ళోనే ఉండి మిరప, పత్తి వేస్తాడు. గొంతు వాడిది, డప్పు వాడిది. పొలంలో ఏ శబ్దం నచ్చినా ఫోనులో పట్టి పంపేదీ వాడే.

ఇద్దరం ఒకచోట కూర్చునే వీలు లేదు కాబట్టి ప్రతి పాటనీ ఆన్‌లైన్‌లో ఒక ప్రాజెక్టుగా పెట్టుకుంటాం. వాడు అక్కడ పాడి ఎక్కిస్తే నేను ఇక్కడ తెరుస్తాను. ఎవరు సేవ్ చేసినా అదొక కొత్త వెర్షన్. పక్కన చేసినవాళ్ళ పేరూ తేదీ పడతాయి. పాతవి ఎక్కడికీ పోవు, ఎప్పుడైనా తెరిచి వినొచ్చు. "డప్పు నువ్వు పాడుచేశావంటే నువ్వు పాడుచేశావ్" అని మేం జుట్టు జుట్టు పట్టుకోకుండా ఆపేది అదే.

ఇంకొకటి. పాడేవాళ్ళు లైనుకీ లైనుకీ మధ్య ఊపిరి పీలుస్తారు చూడండి, అది పాటలో వినపడకూడదు. ఒక్కొక్క ఊపిరీ వెతికి కత్తిరించడం నా పని. ఇన్నేళ్ళుగా వాసుగాడి ఊపిరి కోసీ కోసీ, వాడి మాట కంటే అదే నాకు బాగా గుర్తు. ముక్కుతో గట్టిగా లాగుతాడు, చివర్లో సన్నగా ఈల వేసినట్టు వస్తుంది.

కిందటి పంటకి, కల్లాల్లో మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో, కోతల మీద ఒక పాట మొదలుపెట్టాం. ఒకరోజు పొద్దున్నే కాఫీ తాగుతూ ప్రాజెక్టు తెరిస్తే వాసు పేరున కొత్త వెర్షన్ ఉంది. అందులో పేరు పెట్టని ట్రాక్ ఒకటి. వింటే ఒకే ఒక్క దెబ్బ. తడిసిన గోనెసంచిని ఇనుముతో బాదినట్టుంది. వెనక ఎవరో దగ్గుతున్నారు, మిరప ఘాటుకి వచ్చే దగ్గు.

ఫోన్ చేశాను. "ఏరా, ఆ దెబ్బ ఎక్కడ పట్టావురా?"

"ఏ దెబ్బక్కా? నిన్నంతా కల్లంలో ఉన్నా. పాట జోలికే పోలేదు."

"వేషాలు వెయ్యకు" అని పెట్టేశాను. వాడికి నన్ను ఆటపట్టించడం అలవాటే.

మర్నాడు ఇంకో వెర్షన్, వాడి పేరునే. ఈసారి దెబ్బలు వరసగా పడ్డాయి. అన్నీ ఒకే రకం, ఆఖరిది మాత్రం వేరు. వెడల్పుగా, మందంగా, అడుగున మంచి బరువుతో ఉంది. ఇలాంటి శబ్దం కోసం మేం నెలల తరబడి వెతుకుతాం. దాన్ని కోసి పల్లవి కింద తాళంగా వేశాను. పాట ఒక్కసారిగా లేచి నిలబడింది. గదిలో ఒక్కదాన్నే చిందులేశాను. వాసు కూడా విని "అదిరిందక్కా, ఏం వాడావు?" అన్నాడు. అప్పుడు మొదటిసారి నాకు తేడా కొట్టింది. వాడి గొంతులో వేళాకోళం లేదు.

ఎవరో వాడి అకౌంటులోకి దూరుతున్నారనుకున్నాను. పాస్‌వర్డ్ మార్పించాను. ఐనా ఇంకోటి వచ్చింది.

ఈసారి దెబ్బకీ దెబ్బకీ మధ్య ఊపిరి వినపడింది. అలవాటుకొద్దీ కత్తిరించడానికి మౌస్ అక్కడికి తీసుకెళ్ళాను. చెయ్యి ఆగిపోయింది. చివర్లో సన్నటి ఈల.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని మళ్ళీ విన్నాను. ఒక్కొక్క దెబ్బకీ ఆ ఊపిరి పొట్టిదైపోతోంది. ఈల కాస్తా గురకైంది. తడిగా ఏదో గొంతులో అడ్డం పడుతోంది. ఆఖరి దెబ్బకి ముందు ఒక పెద్ద ఊపిరి. దెబ్బ. ఆ తర్వాత ఏమీ లేదు. నా తమ్ముడు చచ్చిపోవడం విన్నాను, పైగా దాని మీద పల్లవి కట్టాను.

ఏడుస్తూ ఫోన్ చేస్తే వాడు నవ్వాడు. "పాటల పిచ్చి తలకెక్కిందక్కా నీకు." ఎవరితోనైనా గొడవలున్నాయా అని నిలదీస్తే అప్పుడు కక్కాడు. మా కల్లానికి దారి మా పెదనాన్నగారి అబ్బాయి భాస్కరన్నయ్య పత్తిచేను పక్కనుంచే. ఆ దారిని ఆయన దున్నేశాడు. ఇంకెటూ దారి లేక వీడు ట్రాక్టరు ఆయన పత్తిలోంచే తోలాడు. టీకొట్టు దగ్గర అందరి ముందూ ఆయన "ఇంకోసారి తోలితే నీ కాళ్ళు విరగ్గొడతా" అన్నాడట.

"రేపు కాయ తీసుకురావాలి. తోలతా. ఏం పీకుతాడో చూస్తా."

"నోరు మూసుకుని ఇంట్లో పడుండరా, నీ పుణ్యముంటుంది!"

"మబ్బు పట్టింది, కాయ తడిస్తే రంగు పోద్ది. నువ్వు కొంటావా?" అని పెట్టేశాడు. మొండివెధవ. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

తెల్లారగానే బయల్దేరాను. గుంటూరు మీదుగా చీరాల బస్సు, అక్కణ్ణుంచి ఆటో. దారంతా ఫోన్ చేస్తూనే ఉన్నాను.

ఆటో దిగేసరికి కాయలేరే ఆడవాళ్ళు ముక్కులకి కొంగులడ్డం పెట్టుకుని రోడ్డు మీదకి పరిగెత్తుకొస్తున్నారు. "చంపేస్తున్నాడమ్మోయ్!" అని ఒకామె అరుస్తోంది. కల్లం మీద ఎర్రటి దుమ్ము లేచింది. వాసు కాయల్లో వెల్లకిలా పడున్నాడు. భాస్కరన్నయ్య చేతిలో ట్రాక్టరు జాకీ రాడ్డు. మోకాలి మీద కొట్టాడు. భుజం మీద కొట్టాడు. కింద పడ్డవాణ్ణి డొక్కలో పొడిచాడు. ఘాటుకి ఆయనా దగ్గుతున్నాడు, దగ్గుతూనే కొడుతున్నాడు. రక్తానికీ కాయలకీ రంగు తేడా తెలియడం లేదు.

ఆ చప్పుళ్ళు నాకు తెలుసు. ఆ వరస తెలుసు. మధ్యలో వాడి ఊపిరి ఎక్కడ తెగుతుందో కూడా తెలుసు. ఇంక మిగిలింది ఆఖరి దెబ్బ ఒక్కటే. ఆయన రాడ్డు వాసు తల మీదకి ఎత్తాడు.

పక్కన పార పడుంది. రెండు చేతుల్తో పట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి, ఒళ్ళంతా తిప్పి కొట్టాను. పార బల్లపరుపుగా వెళ్ళి ఆయన మొహానికి తగిలింది.

వెడల్పుగా, మందంగా, అడుగున బరువుతో మోగింది. నేను పల్లవి కింద వేసుకున్న దెబ్బ అదే. దానికి ముందు వినపడ్డ ఆ పెద్ద ఊపిరి వాసుది కాదు, నాది. వాడి ఊపిరి ఇన్నేళ్ళు విన్నాను గానీ నా ఊపిరి నేనెప్పుడు విన్నాను కనక?

వాసు బతికాడు. కాల్లో రాడ్లు వేశారు. పక్కటెముకలు విరిగాయి, ఒక పల్లవి పూర్తిగా పాడలేడు. భాస్కరన్నయ్యకి దవడ ముక్కలైంది, ఒక కన్ను పోయింది. ఇప్పటికీ గంజే తాగుతాడు. ఆయన్ని తలుచుకుంటే నాకింకా కోపమే వస్తుంది, గంజి సంగతి తలుచుకుంటే మాత్రం ముద్ద దిగదు. పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు.

ఆ వెర్షన్లన్నీ తేదీలతో సహా ఉన్నాయి, గొడవ కంటే ముందు తేదీలు. ఆ సాఫ్ట్‌వేరు వాళ్ళకి రాసి అడిగాను. మీ తమ్ముడి లాగిన్‌తోనే ఎక్కాయండి, ఫైళ్ళలో లోపమేమీ లేదండి అన్నారు. వాసుకి ఒక్కసారి వినిపించాను. మొదటి దెబ్బకే రెండు చేతుల్తో మోకాలు కప్పుకున్నాడు. "ఆపెయ్యక్కా" అన్నాడు.

నేను వినకపోతే ఆ పూట అక్కడ ఉండేదాన్ని కాదు. నేను లేకపోతే ఆ ఆఖరి దెబ్బే లేదు. మరి ముందుగానే నేను విన్నదేమిటి? ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా అంతు చిక్కదు.

గుంటూరు ఆసుపత్రి వరండాలో మా పెద్దమ్మ, భాస్కరన్నయ్య తల్లి, నా రెండు రెక్కలూ పట్టుకుని ఊపేసింది. "మంగళగిరిలో ఉండాల్సినదానివి కదే! ఆ పూట కల్లంలోకి నిన్నెవరు పిలిచారే?" అంది. నేనే ముందుగా అనుకుని కొట్టడానికి వచ్చానని ఊళ్ళో సగం మంది ఇప్పటికీ అనుకుంటారు.

నన్నెవరు పిలిచారో నాకే తెలియదు. ఇవాళ్టికీ తెలియదు. పెద్దమ్మ నాతో మాట్లాడదు.