వెంకట్రాజం తన కారు నోరు మూపిచ్చిన సంగతి

కాశిబుగ్గల నూనె దుకాణం వెంకట్రాజం పొద్దుపొద్దున్నే తాగి, కారు తీసుకపోయి తన దుకాణం షట్టర్‌కే గుద్దిండని వాడకట్టంత మోగుతాంది. గుద్దింది నిజం, తాగింది అబద్ధం. ఆ మనిషి జన్మల కల్లు సుక్క ముట్టలే. పెండ్లిళ్లల్ల కూల్‌డ్రింకు పోస్తె సుత గ్యాసు పోయేదాంక గ్లాసు పట్టుకొని కూసునేటోడు. తాగి గుద్దినా నయముండు, ఓ కారణమన్న ఉండేది.

అసలు సంగతి ఆయన భార్య కమలకు ఎరుక. ఆమె కాపురమంత ఈయన చప్పుళ్లు ఆపుడు చూసుడుతోనే గడిచింది. తండ్రి నాటి నుంచి నూనె అమ్మిన చెయ్యాయె, ఏది కిర్రుమన్నా దానికింత ఆముదం పోస్తడు. షట్టర్‌కు పోసిండు, ఉయ్యాల కొక్కేలకు పోసిండు, అది మంచిదే. ఇన్వర్టర్ ఊకె కూస్తాందని లోపటి వైరు పీకిండు. కరెంటు పోయిన్నాడు ఇల్లంత చీకటైతే, ఎంత నిమ్మళంగ ఉన్నదో చూడుమన్నడు. మోకాళ్లు నొస్తున్నయని కమల మూలిగితే ఆముదం సీసా చేతిల పెట్టి దుకాణానికి పోయిండు. నొప్పి తగ్గిందా అని మళ్ల అడగలే. మూలుగు ఇనబడలేదంటే ఆయన లెక్కల రోగం పోయినట్టే.

గీ మనిషి ఎవరో వాడిన కారు కొన్నడు. కొన్నాళ్లు బాగనే తిరిగింది. తర్వాత బ్రేకు మీద కాలు పెట్టినప్పుడల్ల ముందటి చక్రాలు కీచుమనుడు షురువైంది. చౌరస్తాల ఈయన కారు ఆగితే ఆటోలోళ్లు మొఖం అటు తిప్పి నవ్వుడే.

కోడలు మానస పుట్టింటోళ్లకు ములుగుల జీపులున్నయి. ఆ పిల్లే చెప్పింది: బ్రేకు పాడ్లు అరిగినయి, వాటి మందం పోయినంక పక్కనున్న చిన్న రేకు చక్రం బిళ్లకు రాసుకొని అట్ల అరుస్తది, ఆ రేకును పెట్టిందే అరవడానికి. ఇప్పుడు మార్చకపోతే ఇనుముకు ఇనుము తాకి గరగరమంటది, బ్రేకు అడుగుదాంక దిగిపోతది, అటెన్క బండి ఆగుడు దేవుని దయ.

వెంకట్రాజం నవ్విండు. "అరిచే రేకు పెట్టింది కొత్తయి అమ్ముకునేటందుకే బిడ్డా. నేను సుత ఏపారమే చేస్తున్న, నాకు చెప్తవా?"

ఇంట్ల ముచ్చట అక్కడికే ఆగిపోతుండె గని, మనవని పుట్టెంట్రుకల మొక్కు అడ్డమొచ్చింది. పాలకుర్తి గుట్ట మీద తీయాలె. ఎక్కుడు కాదు, దిగుడే కమల భయం. పాడ్లు మార్పిస్తేనే పిల్లగాన్ని కార్ల ఎక్కిస్త, లేకుంటే బస్సుల పోదామన్నది. సొంత కారుండంగ బస్సెక్కితే బజారు నవ్వుతదని ఆయన లేచిండు. ఆమె పట్టు ఇడవలే. ఆఖరికి, సరే చూస్త తియ్ అన్నడు.

ఆ తర్వాత కారు అరుసుడు బందైంది. కమల గేటు కాడ నిలబడి చెవొగ్గి ఇన్నది. మెత్తగ వచ్చి, జర ముందుకు జారి, ఆగింది. అయిందా అంటే అయిందన్నడు. చక్రం దిక్కుకెళ్లి ఏదో వాసనొస్తాంది అత్తమ్మా అని మానస అంటే, ఆముదం అమ్మేటోళ్ల ఇంట్ల మల్లెపూల వాసనొస్తదా అని కమల ఆ పిల్లనే కసిరింది. మొగని మాట మీద అంత నమ్మకం.

పయనం నాడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిన్రు, కొబ్బరికాయ కొట్టిన్రు. బండి నిమ్మకాయలు తొక్కి ఆగినంకనే మనుషులు ఎక్కాలె, అది ఆ ఇంటి పద్ధతి. గా పద్ధతే పిల్లగాన్ని కాపాడింది. కారు నిమ్మకాయలు తొక్కింది, ఆగలే. వాలు బజారాయె. వెంకట్రాజం సీట్లకెళ్లి లేసి మరీ బ్రేకు తొక్కుతాండు, చేతి బ్రేకు గుర్తుకే రాలే. కారు మాత్రం పల్లకి లెక్క మెల్లగ, మర్యాదగ పోయి ఎదురుంగున్న ఆయన షట్టర్‌నే కడుపుల గుద్దింది. ఆ డమ్మన్న చప్పుడుకు బజారంత బయటికొచ్చింది. మనిషికి దెబ్బ తాకలే గని, కాళ్లు వణుక్కుంట దిగిండు. ఆ వణుకుడునే తూలుడనుకొని పుకారు పుట్టిచ్చిన్రు.

కమల మనవన్ని కోడలి చేతులకెళ్లి తీసుకొని సంకనేసుకున్నది. ముందటి చక్రం కాడ కూసొని, సందుల వేలు పెట్టి తుడిచి, వాసన చూసింది. లేసి, బజారంత ఇంటాంటె, ఇన్నేండ్ల కాపురంల మొదటిసారి సూటిగ అడిగింది.

"ఈ పసిగుడ్డు మీద చెయ్యి పెట్టి చెప్పుండ్రి. పాడ్లు మార్పిచ్చిండ్రా, లేదా?"

వెంకట్రాజం పిల్లగాని మీద చెయ్యి పెట్టలే. లోపటికి పోయిన షట్టర్‌ను చూసుకుంట అన్నడు.

"మార్పియ్యలే. ఆముదం పోసిన. నువ్వే చెప్పు, కిక్కురుమన్నదా?"