రెండించుల పెరుగుడు

కోరుట్లలో మా చిన్నమ్మ టైలర్. బడి పిల్లలందరికీ అంగీలు కుట్టే పని ఆమెకు మొదటిసారి వచ్చింది. బడివాళ్లు సిరిసిల్ల నుంచి గుడ్డ లెక్కకు సరిగ్గా తెచ్చారు. ఎక్కువ కోస్తే చివరి పిల్లలకు చాలదు, వచ్చే ఏడు ఆ పని ఆమె గడప తొక్కదు. సరిగ్గా అలాంటి చోటే నేను తెలివి చూపించబోయాను.

నేను జగిత్యాలలో ఇంట్లో కూర్చుని ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేస్తాను. మా దిక్కు ఏ తల్లీ పిల్లలకు ఒంటికి సరిపడా కుట్టనివ్వదు. పెరిగే పిల్లలు కదా, పొడవు రెండించులు ఎక్కువ పెట్టమంటుంది. చిన్నమ్మ కొలతలన్నీ నోటుబుక్కులో రాసిచ్చి, అందరికీ ఆ రెండించులు కలిపి కాగితం మీద ప్రింటు తీసివ్వమంది.

లూప్ రాస్తే పోయేది. ఒక్కో పిల్ల కొలత తీసుకోవడం, రెండు కలపడం, పక్కన పెట్టడం. అబ్బే, నాకది నామోషీ. అందరి కొలతలూ ఒక్క దెబ్బకు మార్చే ఆదేశం, క్వెరీ అంటాం, ఒకే లైన్లో రాసి, స్క్రీన్ మీద చూసుకుని, కాగితం తీసిచ్చి గొప్పలు పోయాను. చిన్నమ్మ గుండీలు కుడుతూ ఊఁ కొట్టింది.

మర్నాడు కత్తెర చేతపట్టుకునే ఫోన్ చేసింది.

"బిడ్డా, గీ ఒకటో తరగతి పిల్లకు గింత పొడుగు అంగి ఎట్లయితది?"

కంప్యూటర్ తప్పు చేయదని దబాయించాను.

"గా పిల్లను నేనే కొలిచిన," అని ఫోన్ పెట్టేసింది. గుడ్డ కోయలేదు.

ప్రోగ్రాం తెరిచి నాలుక కరుచుకున్నాను. క్వెరీ రాసినప్పుడు ఏ పనీ చేయదు. అడిగినప్పుడల్లా మొదటి నుంచి చేస్తుంది. స్క్రీన్ మీద చూపించమన్నప్పుడు రెండించులు కలిపింది, కాగితం తీయమన్నప్పుడు ఆ పెరిగిన కొలతకే మళ్లీ రెండు కలిపింది. ఆ సంగతి నాకు తెలియనిదేం కాదు. ఒళ్లు మండింది, నా మీదే.

లూప్ రాసి, కొత్త కాగితంతో కోరుట్ల బస్సెక్కాను. ఏం మార్చినవని చిన్నమ్మ అడిగితే, ఒక్కొక్కరినీ తీసుకుని ఒక్కసారే కలిపానని చెప్పాను. తనూ అట్లనే చేస్తుందట. నాతో ఒక్కో కొలతా చదివించి, నోటుబుక్కుతో సరిచూసుకున్నాకే గుడ్డ మీద గీత గీసింది.

అంగీలు పంచిన రోజు నేనూ బడికి వెళ్లాను. ఆ ఒకటో తరగతి పిల్ల కొత్త అంగీలో చేతులు చాపి గుండ్రంగా తిరుగుతోంది. చిన్నమ్మ దాని అంచు సర్ది నా వైపు చూసింది.

"నీ లెక్కన కుడితే పదో తరగతి దాకా గిదే తొడుగుతుండె. వచ్చే ఏడు గూడ మనల్నే కుట్టుమన్నరు. గప్పుడు టేపు నువ్వే పట్టు."